రసీదు ముందు, రేడియో తర్వాత

రేడియో కంటే ముందు దాని కాగితం వచ్చేది. మద్రాసులోనో బొంబాయిలోనో కంపెనీవాళ్లు సరుకు రైలుకెక్కించి, పార్సిల్ ఆఫీసులో ఇచ్చిన రసీదును బ్యాంకు ద్వారా పంపేవారు. అది రైల్వే రసీదు, వ్యాపారుల నోట ఆర్.ఆర్. పార్సిలు కొనేవాడి పేరిట ఉండదు. పంపినవాడే తన పేరిట ‘సెల్ఫ్’ అని బుక్ చేసుకుంటాడు. నరసరావుపేటలోని డీలరు బ్యాంకుకు వెళ్లి హుండీ సొమ్ము కడితే, వెనక సంతకం పెట్టిన ఆర్.ఆర్. చేతికొస్తుంది. అది పట్టుకుని స్టేషనుకు పోతేనే పెట్టె. డబ్బు కట్టందే సరుకు ముట్టుకోవడానికి లేదు, సరుకు చూడకముందే డబ్బు కట్టక తప్పదు. లోపల వాల్వులు బతికున్నాయో లేదో తెలిసేది షాపుకు తెచ్చి స్విచ్చి వేశాకే.

1930ల నుంచి 1970ల దాకా తెలుగు ఊళ్లకు గ్రామఫోనైనా, వాల్వు రేడియో అయినా, సభల్లో మోగే మైకు సెట్టయినా చాలావరకు ఇలాగే చేరింది. కొనుక్కునే రైతుకో వకీలుకో మంచి రేడియో అంటే కొన్ని తులాల బంగారం ఎత్తు. అంత ఖరీదైన, అంత సున్నితమైన వస్తువు వందల మైళ్లు పార్సిల్ పెట్టెల్లో ఊగి, హమాలీల భుజాలు మారి, బస్సు టాపెక్కి, ఎద్దుబండిలో దిగి, చివరికి నోరు విప్పి పాడిందంటే అది కట్టినవాళ్ల, దించినవాళ్ల, విప్పినవాళ్ల చేతి చలవ. కంపెనీల పేర్లు అందరికీ గుర్తున్నాయి. మర్ఫీ పాపాయి బొమ్మ గుర్తుంది, హెచ్.ఎం.వి. కుక్క గుర్తుంది. ఆ పెట్టెను పగలకుండా మోసిన పనితనానికి మాత్రం దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు.

ఇందులో చట్టం పాత్ర ఎంతో ముందు చూడాలి. 1890 నాటి రైల్వే చట్టం చివర రెండో షెడ్యూలు అని ఒక జాబితా ఉండేది. బంగారం, వెండి, ముత్యాలు, గడియారాలు, శాలువలు, దంతం, చందనం, గాజు సామాను, వాటి సరసనే వాద్యాలు, శాస్త్ర పరికరాలు. ఈ రకం సరుకు విలువ మొదట్లో నూరు రూపాయలు దాటితే చాలు, లోపల ఏముందో, ఎంత చేస్తుందో బుకింగప్పుడే ప్రకటించాలి. అడిగితే ఆ విలువ మీద కొంత శాతం అదనంగా కట్టాలి. అలా చేయకపోతే పోయినా పగిలినా రైల్వేకు పూచీ లేదు. ప్రైవేటు రవాణాదారులకు వర్తించే 1865 చట్టంలోనూ ఇలాంటి జాబితాయే ఉంది. 1890లో ఆ జాబితా రాసినవాళ్లకు రేడియో అంటే ఏమిటో తెలియదు. అయినా పాడే వస్తువును ముత్యాల పక్కన కూర్చోబెట్టారు.

అసలు చిక్కు రేట్లలో ఉండేది. ‘ఓనర్స్ రిస్కు’ మీద పంపితే కిరాయి తక్కువ, నష్టం పంపినవాడిది. ‘రైల్వే రిస్కు’ మీద పంపితే కిరాయి ఎక్కువ. పప్పులూ బట్టలూ పంపే వ్యాపారికి మొదటిదే లాభం. రేడియో పంపేవాడికి ప్రతిసారీ తర్జనభర్జనే. 1961లో చట్టాన్ని సవరించి, మరుసటి ఏటి నుంచి రైల్వేల బాధ్యత పెంచారు. కాని అప్పటికే పాతికేళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు తమ పెట్టె క్షేమాన్ని కాగితానికి వదిలిపెట్టే అలవాటు లేనివాళ్లు. కట్టే దగ్గరే జాగ్రత్తపడేవారు.

ఆ పెట్టెలు ఎక్కడి నుంచి వచ్చేవో కూడా చెప్పాలి. ఫిలిప్స్, హెచ్.ఎం.వి. కలకత్తావి. మర్ఫీ, నేషనల్ ఎకో బొంబాయివి. విదేశీ సెట్లు మద్రాసు, బొంబాయి రేవుల్లో దిగేవి. హైదరాబాదులో 1935లో దక్కన్ రేడియో, మద్రాసులో 1938లో ఆలిండియా రేడియో, విజయవాడలో 1948 డిసెంబరు 1న తెలుగు కేంద్రం మొదలయ్యాక జిల్లాల్లో గిరాకీ పెరిగింది. విజయవాడ బీసెంట్ రోడ్డులో, హైదరాబాదు ఆబిడ్స్, కోఠీల్లో, గుంటూరు, రాజమండ్రి, కాకినాడల్లో రేడియో షాపులు వెలిశాయి. అక్కడి నుంచి తాలూకా కేంద్రాల్లోని చిన్న డీలర్లకు పార్సిళ్లు. ఒక్కో సెట్టు ఇల్లు చేరేలోగా రెండు మూడుసార్లు బుకింగు కౌంటరు చూసేది.

గ్రామఫోన్ రికార్డుల ప్రయాణం ఇంకా పెద్దది. ఎ.వి. మెయ్యప్పన్ సినిమాల్లోకి దిగకముందు సరస్వతీ స్టోర్స్ పేరుతో మద్రాసులో రికార్డుల వ్యాపారమే చేశారు. ఆ కాలంలో నాటక పద్యం పాడేది మద్రాసులో అయితే, హెచ్.ఎం.వి. రికార్డు అచ్చయ్యేది కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో. 1908లో సీల్దాలో మొదలైన ఫ్యాక్టరీ 1920ల చివర్లో అక్కడికి మారింది. అక్కడ తయారైన రికార్డు తిరిగి మద్రాసు చేరి, అక్కడి నుంచి తెనాలికో ఏలూరుకో పార్సిలయ్యేది. తెలుగువాడి గొంతు తెలుగువాడి ఇంటికి రావడానికి కలకత్తా దాకా పోయి రావాల్సి వచ్చేది. ఆ రికార్డు ముఖ్య పదార్థం లక్క. ఛోటా నాగపూర్ అడవుల్లో పురుగులు చెట్ల కొమ్మల మీద పెట్టే లక్కే దేశదేశాల రికార్డు ఫ్యాక్టరీలకు పోయేది. పార్సిలు ముడి మీద పోసే సీలులోనూ అదే లక్క. బయట సీలు, లోపల పాట, రెండూ ఒకే పదార్థం, రెండూ ఒకే తీరున పెళుసు.

లక్క రికార్డుకు రెండు గండాలు. ఒకటి దెబ్బ. అంచు మీద చిన్న తాకిడి తగిలినా మధ్య దాకా చీలుతుంది. రెండోది ఎండ. రోళ్లు పగిలే రోహిణిలో పార్సిలును ప్లాట్‌ఫారం మీద ఎండలో వదిలేస్తే రికార్డులు మెత్తబడి వంకర తిరిగేవి. వాటిని రెండు అద్దాల మధ్య పెట్టి, కాస్త వేడి తగలనిచ్చి, పైన బరువు పెట్టి తిన్నగా చేసుకునే విద్య షాపుల్లో తెలుసు. పగులుకు మాత్రం మందు లేదు. అందుకే రికార్డులను పడుకోబెట్టి దొంతరగా పేర్చకుండా, నిలువుగా, కదలడానికి సందు లేకుండా బిగించి, నాలుగు పక్కలా గడ్డి కూరి పంపేవారు. పది అంగుళాల రికార్డు ఒక్కటి రెండు వందల గ్రాముల వరకు తూగుతుంది. యాభై రికార్డుల పెట్టె అంటే పది కిలోల పెళుసు సరుకు. పట్టు తప్పితే పైనుంచి కింద దాకా ఒకే గీతలో చీలిక.

చిన్న సరుకుకు పోస్టాఫీసు ఉంది. 1877లో మొదలైన వి.పి.పి. (వాల్యూ పేయబుల్ పోస్టు) పద్ధతి పల్లెటూరి గ్రామఫోను యజమానికి పెద్ద ఆసరా. కార్డు ముక్క రాసి పడేస్తే చాలు. రెండు వందల సూదులున్న రేకు డబ్బాలు, సౌండ్‌బాక్సు, తెగిన స్ప్రింగుకు బదులు కొత్తది, ఒకటో రెండో రికార్డులు, తర్వాతి రోజుల్లో రేడియో వాల్వులు, అన్నీ పోస్టుమాన్ సంచిలో వచ్చేవి. డబ్బు కట్టి విడిపించుకోవాలి. ఆ సూది ఉక్కుది, రికార్డు ఒక పక్క వాయించగానే మార్చాలి. మూడు నిమిషాల పాటకు ఒక సూది. కాబట్టి సూదుల పార్సిలు ఆలస్యమైతే ఆ ఊళ్లో పాట ఆగిపోయినట్టే. పెళ్లిళ్ల రోజుల్లో గ్రామఫోను అద్దెకిచ్చేవాళ్లు పోస్టుమాన్ దారి చూసేది ఇందుకే.

ఇక కట్టడం. పెద్ద షాపుల్లో ఆ పనికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉండేవాడు. అతను ముందు సెట్టు వెనక అట్ట విప్పుతాడు. వాల్వులు ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూస్తాడు. పెద్ద వాల్వులను సాకెట్ల నుంచి లాగి, దేని స్థానం దానికి తెలిసేలా కాగితం చుట్టి అంకె వేసి, దూదిలో పెట్టి వేరే డబ్బాలో సర్దుతాడు. తీయడానికి వీల్లేని వాటిని టేపుతో కడతాడు. స్టేషను సరిగ్గా కలిసినప్పుడు పచ్చగా ముడుచుకునే మ్యాజిక్ ఐ ముందుభాగంలో సన్నని బిగింపు మీద ఉంటుంది. దాని వెనక గుడ్డ ఒత్తు పెడతాడు. స్పీకరు కాగితపు కోనును ఏదీ తాకకూడదు. అక్కడ మాత్రం ఖాళీ వదలాలి. ట్రాన్స్‌ఫార్మరు బరువంతా చాసిస్‌కు ఒక మూలనే ఉంటుంది, కుదుపుకు రేకును వంచేది అదే. దాని కింది బోల్టులు మరోసారి బిగించేదాకా అట్ట మూయడు.

తర్వాత పైచుట్టు. రంపపు పొట్టు చవక, కాని రేడియోకు పనికిరాదు. స్టేషన్లు కలిపే గ్యాంగ్ కండెన్సరులో రేకుల మధ్య సందు వెంట్రుకంత. అందులో పొట్టు దూరితే డయలు తిప్పినప్పుడల్లా గరగర. వరిగడ్డి మేలే గాని బాగా ఎండినదై ఉండాలి. తేమ ఉంటే కేబినెట్ పాలిష్ మీద మచ్చలు పడి, అతికించిన పలుచని చెక్క పొర లేస్తుంది. అందుకని ముందు మెత్తటి గుడ్డ, దాని మీద మందపాటి కాగితం, ఆ పైన గడ్డి, దాని చుట్టూ దేవదారు చెక్క పెట్టె. అనుభవం ఉన్నవాడు మూతకు మేకులు కొట్టడు, మరలు బిగిస్తాడు. సుత్తి దెబ్బల అదురు లోపలి గాజుకు మంచిది కాదు. చివరికి ఇనప పట్టీ, గోనెపట్టా, దబ్బనంతో పురికొస కుట్లు, ముడి మీద లక్క సీలు. కుంచెతో నల్లరంగు అక్షరాలు. చదువు రాని హమాలీ కోసం ఒక గ్లాసు బొమ్మ, పైకి చూసే బాణం గుర్తు, కొక్కెం వాడొద్దని హెచ్చరిక. బస్తాలు లాగే ఇనప కొక్కెం గోనెలో దిగితే వెనకున్న చెక్క కూడా ఆగదు.

గ్రామఫోనుకు వేరే శాస్త్రం. కీ పూర్తిగా దిగిపోనివ్వాలి. లేకపోతే కుదుపుకు బ్రేకు జారి, పెట్టెలోనే పళ్లెం తిరగడం మొదలుపెడుతుంది. సౌండ్‌బాక్సు విప్పి దూదిలో పెట్టాలి. టోన్ ఆర్మ్ కదలకుండా కట్టాలి. రేడియో, గ్రామఫోను ఒకే పెట్టెలో ఉండే రేడియోగ్రాములు వచ్చాక మరో సంగతి చేరింది. వాటిలో ఉండే, రికార్డులను తానే మార్చే గరార్డ్ వంటి ఛేంజరు స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది. ప్రయాణంలో ఊగకుండా దాన్ని కిందికి బిగించడానికి ప్రత్యేకంగా మరలు ఇచ్చేవారు. గమ్యం చేరాక వాటిని వదులు చేయాలి. ఆ సంగతి తెలియక బిగించే ఉంచి వాయించినవాళ్లకు పాటతోపాటు గుంయ్‌మనే హోరు వినిపించేది. సెట్టు చెడిపోయి వచ్చిందని ఉత్తరాలు రాసుకున్నాక, మెకానిక్కు వచ్చి రెండు మరలు తిప్పితే హోరు పోయేది.

దారిలో పెట్టెకు పెద్ద పరీక్ష గేజి మారే చోట. మద్రాసు నుంచి బెజవాడ దాకా బ్రాడ్‌గేజి. అక్కడి నుంచి నరసరావుపేట, మార్కాపురం, నంద్యాల మీదుగా గుంతకల్లు పోయే లైను మీటరుగేజి. బెజవాడలో ఒక రైలు పెట్టెలోంచి సరుకంతా మనుషులు దించి, ఇంకో రైలు పెట్టెలో ఎక్కించాలి. బొంబాయి నుంచి నిజామాబాదుకు వచ్చే పార్సిలుకు మన్మాడ్‌లో ఇదే తంతు. సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగరు, కర్నూలు వైపు పోయేదానికి సికింద్రాబాదులో. ఇలాంటి ప్రతి చోటా పెట్టె నాలుగు చేతులు మారుతుంది, బస్తాల మధ్య ఇరుక్కుంటుంది, ఒక్కోసారి ఎరువుల కింద పడుతుంది. ఒకే గేజి మీద మద్రాసు నుంచి తెనాలి వచ్చిన సెట్టుకూ, గేజి మారి నంద్యాల వెళ్లిన సెట్టుకూ క్షేమంలో తేడా ఉండడానికి కారణం ఇదే. గుంటూరు–గుంతకల్లు లైను బ్రాడ్‌గేజికి మారింది 1990ల్లో. అప్పటికి వాల్వు రేడియోల కాలమే అయిపోయింది.

రైలు లేని చోట్ల సంగతి కోనసీమను చూస్తే తెలుస్తుంది. అమలాపురం వైపు పోవాల్సిన సరుకు రాజమండ్రిలో దిగి, గోదావరి కాలువల మీద పడవల్లో సాగేది. లాకుల దగ్గర ఆగుతూ, నీటిమట్టం సర్దుకుంటూ నింపాదిగా పోయే ఆ ప్రయాణంలో కుదుపు అనే మాటే లేదు. వాల్వు రేడియోకు అంతకంటే సుఖమైన వాహనం ఈ దేశంలో ఇంకోటి ఉండి ఉండదు. కృష్ణా డెల్టా కాలువల మీదా అంతే. రోడ్లు పడి, వంతెనలు లేచాక పడవలు వెనకబడ్డాయి, సరుకు బస్సు టాపెక్కింది. 1958లో ఏర్పడిన ఆర్టీసీ బస్సుల వెనక నిచ్చెనలుండేవి. కండక్టరు లగేజీ టికెట్టు కొట్టి, కూలీ చేత పెట్టెను పైకెక్కించేవాడు. ఎర్రమట్టి రోడ్డు మీద ఆ టాపు మీది ఊపులో చివరి ఇరవై మైళ్లు పెట్టె ఎంత దెబ్బ తినేదో, అంతకుముందు రైల్లో వచ్చిన మూడొందల మైళ్లలో అంత తినేది కాదు. తెలిసినవాళ్లు కండక్టరును బతిమాలి, పెట్టెను లోపలే, డ్రైవరు పక్కన పెట్టించుకునేవారు.

స్టేషన్లో విడిపించుకోవడం ఒక ఘట్టం. ఆర్.ఆర్. రావడం ఆలస్యమై పెట్టె ముందే వచ్చి కూర్చుంటే, గడువు దాటిన ప్రతి రోజుకూ వార్ఫేజి రుసుము. రసీదు చూపించి, పుస్తకంలో సంతకం పెట్టే ముందు డీలరు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. సీలు చెక్కుచెదరలేదా, గోనె కుట్లు ఒకే దారంతో ఉన్నాయా, మధ్యలో ఎవరైనా విప్పి మళ్లీ కుట్టారా, పెట్టెను పక్కకు వంచితే లోపల గలగలమంటోందా. అనుమానం వస్తే సంతకం పెట్టకూడదు. కాటా వేయించాలి. రసీదులోని తూకంతో తేడా ఉంటే, పెట్టె పగిలి ఉంటే, ‘ఓపెన్ డెలివరీ’ అడగాలి. అప్పుడు రైల్వే ఉద్యోగి ఎదుటే పెట్టె విప్పి, ఏది పగిలిందో, ఏది పోయిందో రాసి, ఇద్దరూ సంతకాలు చేస్తారు. ఆ కాగితం ఉంటేనే తర్వాత క్లెయిము నిలుస్తుంది. ఆరు నెలల్లోపు రాతపూర్వకంగా దాఖలు చేయాలి. తొందరపడి ‘సరుకు క్షేమంగా ముట్టింది’ అని సంతకం పెట్టేసి, ఇంటికెళ్లి విప్పి తల పట్టుకున్నవాళ్లకు న్యాయం జరిగే దారి దాదాపు మూసుకుపోయినట్టే.

పార్సిల్ గుమాస్తాకూ రేడియో డీలరుకూ మధ్య ఉండే స్నేహం విలువ ఇక్కడే తెలిసేది. గుమాస్తా మంచివాడైతే, ‘రేడియో వచ్చిందండీ, ఎండలో పెట్టలేదు, లోపల గదిలో పెట్టించాను’ అని కబురు చేసేవాడు. చిన్న ఊళ్లో ఆ కబురు డీలరు కంటే ముందే సగం ఊరికి తెలిసిపోయేది. బండి కట్టి, అడుగున గడ్డి పరిచి, పెట్టెను మధ్యలో పెట్టి ఒక మనిషి దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చునేవాడు.

విప్పే మెకానిక్కుకు తొందర ఉండకూడదు. వానాకాలంలో వచ్చిన సెట్టును వెంటనే కరెంటుకు తగిలించేవాళ్లు కారు. వెనక అట్ట తీసి, లోపల ఒక బల్బు వెలిగించి పెట్టి తేమ ఆరనిచ్చేవారు. తీసిన వాల్వులను అంకెల ప్రకారం సాకెట్లలో కూర్చేవారు. ఆ తర్వాత సిరీస్ ల్యాంపు. రేడియోకు నేరుగా కరెంటివ్వకుండా మధ్యలో ఒక బల్బు గుండా ఇస్తారు. స్విచ్చి వేయగానే బల్బు భగ్గున వెలిగి అలాగే ఉండిపోతే లోపల ఎక్కడో షార్టయిందని అర్థం, వెంటనే ఆపేయాలి. మందంగా వెలిగితే భయం లేదు. దారి పొడుగునా పడ్డ కష్టమంతా ఆ బల్బు కాంతిలో తేలేది. వాల్వులు ఎర్రబారడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం షాపులో ఎవరూ మాట్లాడరు. ఆ తర్వాత మ్యాజిక్ ఐ పచ్చబడి, హోరులోంచి విజయవాడ తేలుతుంది.

కొత్త సెట్టు కొన్నవాడు పోస్టాఫీసులో లైసెన్సు తీసుకుని, ఏటా రుసుము కట్టాలి. 1980ల నడుమ రద్దయ్యే దాకా ఆ బాధ్యత ఉంది. కరెంటు లేని ఊళ్లకు వచ్చేవి బ్యాటరీ సెట్లు. సెట్టుకు ఎంత జాగ్రత్తో, దాని పెద్ద బ్యాటరీ ప్యాక్‌కూ అంత జాగ్రత్త. పంచాయతీ రేడియోల చుట్టూ ఊరంతా కూర్చుని వ్యవసాయ కార్యక్రమాలు విన్న రోజుల్లో, బ్యాటరీ పార్సిలు రాక ఆ సెట్టు మూగబోయిన వారాలూ ఉన్నాయి.

మైకు సెట్ల వాళ్ల బాధ వేరు. 1940లో మొదలైన ఢిల్లీ అహూజా కంపెనీ ఆంప్లిఫయర్లు, కొమ్ము స్పీకర్లు తర్వాతి దశాబ్దాల్లో ప్రతి తాలూకా కేంద్రానికీ చేరాయి. వాటిని తెచ్చింది ఎక్కువగా లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు. అక్కడ ఆర్.ఆర్. బదులు ఎల్.ఆర్. అనే లారీ రసీదు, డెలివరీ గోడౌను దగ్గర, కిరాయి ‘టుపే’ అయితే తీసుకునేవాడిదే. రైలు గూడ్సుకు పట్టే రోజుల కంటే లారీ ముందే తెచ్చేది. కొమ్ముకు సొట్ట పడితే సుత్తితో తీయొచ్చు గాని దాని వెనకుండే యూనిట్ లోపల పలుచని పొర చీలితే రెండో యూనిట్ తెప్పించాల్సిందే. అందుకని యూనిట్లు, మైకులు లారీకి వేయకుండా యజమాని తానే మద్రాసు రిచీ స్ట్రీటుకో, హైదరాబాదు గుజరాతీ గల్లీకో వెళ్లి, చేతి సంచిలో తెచ్చుకునేవాడు. పాత సామాను కావాలంటే మద్రాసు మూర్ మార్కెట్. 1985లో అది కాలిపోయాక ఆ దారీ పోయింది.

ఈ లోకాన్ని మొదట కదిలించింది ట్రాన్సిస్టరు. 1960ల్లో అది చంకలో పెట్టుకుని బస్సెక్కే వస్తువైపోయింది. వాల్వు లేదు, గాజు లేదు, దేవదారు పెట్టెతో పనే లేదు. ఆ తర్వాత గల్ఫ్. కువైట్, దుబాయి నుంచి కడప, కోనసీమ, కరీంనగర్ మనుషులు తెచ్చిన, రేడియో, క్యాసెట్టు కలిసిన టూ ఇన్ వన్‌లు బొంబాయిలో విమానం దిగి, అక్కడి నుంచి బస్సుల్లో ఊళ్లకు చేరాయి. దుప్పట్ల మధ్య, పిల్లల బట్టల మధ్య చుట్టి, అట్టపెట్టెకు నైలాన్ తాడు బిగించి తెచ్చిన ఆ సెట్లు చాలావరకు చెక్కుచెదరకుండా వచ్చాయంటే నమ్మవచ్చు. తెచ్చేవాడు దాన్ని కంటికి ఎదురుగానే ఉంచుకునేవాడు. అదే సమయంలో ఫ్యాక్టరీల్లో సెట్టు ఆకారానికి సరిపోయే థర్మోకోల్ అచ్చులు వచ్చాయి. వాటితో షాపుల్లో ప్యాకింగు మనిషి పని పోయింది. దబ్బనం, లక్క, వరిగడ్డి తెలిసిన చేతులు అట్టపెట్టెకు టేపు అతికించే పనికి మిగిలాయి.

ఇప్పుడు ఆ పాత సెట్లే మళ్లీ ప్రయాణం చేస్తున్నాయి, ఈసారి సేకరించేవాళ్ల ఇళ్లకు. రోడ్డు రవాణాకు 1865 చట్టం స్థానంలో 2007 చట్టం వచ్చింది. రైల్వేకు 1989 చట్టం. ముందుగా విలువ ప్రకటించి, శాతం రుసుము కట్టని పార్సిలు పోతే 1990 నాటి నిబంధనల ప్రకారం కిలోకు 50 రూపాయల లెక్క. పది కిలోల మర్ఫీకి ఐదు వందలు. డబ్బు మాట అలా ఉంచి, పగిలిన డయలు గాజు మీది స్టేషన్ల పేర్లను మళ్లీ ఎవరు అచ్చేసిస్తారు? అందుకే కొనేవాళ్లు అమ్మేవాళ్లకు ఫోను చేసి వివరంగా చెబుతారు. వాల్వులు తీయండి, ఏ సాకెట్టుదో అంకె వేయండి, వేరే డబ్బాలో పెట్టండి, స్పీకరు ముందు ఏమీ కూరకండి, ఛేంజరు ఉంటే మరలు బిగించండి అని. అవతలివైపు అది చేయగల మెకానిక్కు ఉంటే పార్సిలు వేయించుకుంటారు. లేకపోతే తామే రైలెక్కి వెళ్లి, సెట్టు విప్పి చూసుకుని, లగేజీ టికెట్టు తీసుకుని వెంట తెచ్చుకుంటారు.